శోధన

అడిక్‌మెట్ ఫ్లైఓవర్ దాటి ఉస్మానియా ఆవరణలో అడుగుపెడితే ‘పరిశోధన’ రోజూ వినబడే మాట. ఆదివారం చర్చిలో వినబడేది ‘శోధన’. “శోధనలో ఉన్నానయ్యగారూ, ప్రార్థన చేయండి” అని పాస్టరుగారిని అడగడం తెలుగు క్రైస్తవులకు అలవాటు.

రెండింటికీ మూలం శుద్ధి చేయడమనే అర్థమున్న సంస్కృత ధాతువు ‘శుధ్’. లోహాల మలినం తీయడాన్ని ఆయుర్వేద రసశాస్త్రం శోధన అంటుంది. తెలుగులో వెతకడం, పరీక్షించడం అనే అర్థాలూ స్థిరపడ్డాయి. తెలుగు బైబిల్లో పాపానికి పురిగొల్పడం కూడా శోధనే. మత్తయి సువార్త 4వ అధ్యాయంలో అపవాదిని శోధకుడనే పిలిచారు.

ఆ శోధకుడు గురిపెట్టింది యేసు నలభై రోజుల ఆకలి మీదే కాదు, ఆయన గుర్తింపు మీద కూడా. దేవుని కుమారుడివైతే రాళ్లను రొట్టెలు చేసి చూపమన్నాడు. ఆ కుమారత్వాన్ని యొర్దాను దగ్గర బాప్తిస్మమప్పుడే తండ్రి ప్రకటించాడు. అందుకే యేసు నిరూపించుకోబోలేదు. మూడుసార్లూ ద్వితీయోపదేశకాండంలోని మాటలతోనే బదులిచ్చాడు.

గుర్తింపు మీద గురిపెట్టే శోధన మన మధ్యా ఉంది. ప్రశ్నపత్రాల లీకేజీతో 2023లో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. తార్నాక హాస్టల్లో ఏళ్లుగా చదువుతున్న విశ్వాసికి ఎవరైనా అలాంటి పత్రం చూపితే, అదే అసలైన శోధన. ఉద్యోగం వస్తేనే తనకో విలువ అనుకునేవాడు లొంగిపోతాడు. ఫలితం రాకముందే తాను దేవుని బిడ్డనని నమ్మినవాడు కాదనగలడు. విశ్వాసం నిగ్గు తేలేది అక్కడే.