డ్రాగన్ పడవల పందెం: గీత దగ్గర న్యాయం

చైనాలో ఏటా చాంద్రమానం ప్రకారం అయిదో నెల అయిదో రోజున డ్రాగన్ పడవల పండుగ జరుగుతుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో చూ రాజ్యపు మంత్రి, కవి అయిన చూ యువాన్, తన దేశానికి పట్టిన దుర్గతికి కుమిలి మిలువో నదిలో దూకి ప్రాణం విడిచాడట. ఆయనను వెదకడానికి జాలరులు పడవలెక్కి బయలుదేరారనీ, ఆ జ్ఞాపకంగానే పందేలు పుట్టాయనీ ఐతిహ్యం. పందేనికి ముందు పడవ ముక్కున ఉన్న డ్రాగన్ తలకు కళ్లు దిద్దుతారు. మన ఆలయాల్లో చేసే నేత్రోన్మీలనం వంటిదే అది.

భక్తి ఎంత ఉన్నా, ఊరికీ ఊరికీ మధ్య పంతాలు తక్కువేమీ కాదు. వెనకటి రోజుల్లో పడవలన్నీ ఒకే కొలతలో ఉండేవి కావు. పక్కపక్కనే పోతూ తెడ్లు తగులుకునేవి. మాట మీద మాట పెరిగి కొట్లాటలు జరిగేవి, మనుషులు మునిగిపోయేవారు. అందుకే పాలకులు కొన్ని కాలాల్లో ఈ పందేలను నిషేధించారు కూడా. తైవాన్‌లో తగవు తీర్చడానికి చక్కని ఉపాయం ఉంది. గమ్యం దగ్గర జెండా పాతుతారు. పడవ ముక్కున కూర్చున్నవాడు ముందుకు వంగి దాన్ని లాక్కోవాలి. జెండా ఎవరి చేతిలో ఉంటే గెలుపు వారిదే.

1976లో హాంకాంగ్ పర్యాటక సంఘం అంతర్జాతీయ పందేన్ని మొదలుపెట్టింది. స్థానిక జాలరుల జట్లతో జపాన్‌లోని నాగసాకి జట్టు పోటీపడింది. తరువాత ఇతర దేశాలూ చేరాయి. ఎవరి ఆచారం వారిదైతే పందెం సాగదు గనుక 1991లో హాంకాంగ్‌లోనే అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. మొదటి ప్రపంచ పోటీలు 1995లో చైనాలోని యుయేయాంగ్‌లో జరిగాయి. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ ఈ పందెం చోటు చేసుకుంది.

మామూలుగా పెద్ద పడవలో తెడ్డు వేసేవారు 20 మంది, డప్పు వాయించేవారు ఒకరు, చుక్కాని పట్టేవారు ఒకరు. ఇన్ని పడవలను నీటి మీద ఒక్క గీతన నిలపడమే అసలు కష్టం. నేల మీద పరుగుపందెగాడు నిలబడ్డచోటే ఉంటాడు. పడవ అలా కాదు, గాలికీ ప్రవాహానికీ జరుగుతూనే ఉంటుంది. అందుకని వరుస సరిచూడటానికి ప్రత్యేకంగా ఒక అధికారి ఉంటాడు. ఒడ్డు పక్క నుంచి చూస్తూ, ఏ పడవ ముందుకు రావాలో, ఏది వెనక్కి తగ్గాలో చెబుతాడు. ముక్కులన్నీ కలిశాకే ఆరంభకుడు సంకేతమిస్తాడు. ముందే తెడ్డు వేసిన జట్టుకు హెచ్చరిక ఉంటుంది. మళ్లీ చేస్తే తొలగిస్తారు. చివర ఫొటో తీసి నిర్ణయిస్తారు.

ఇంత శ్రమ దేనికంటే, మన కేరళ ఉదాహరణ చూడండి. 2024లో అలప్పుజ నెహ్రూ ట్రోఫీ పందెంలో మొదటి రెండు పాము పడవలకు మధ్య తేడా సెకనులో వెయ్యింట అయిదు వంతులు మాత్రమే. ఫలితం మీద వివాదం రేగింది. తేడా అంత సన్ననిదైనప్పుడు, ఆరంభంలో ఒక పడవకు ఒక జానెడు ఎక్కువ దక్కినా మిగతావారి నెలల తరబడి సాధన వృథా.

ఓడినవాడు ఇంటికి పోతూ ‘సరిగ్గానే ఓడాను’ అనుకోగలిగితే, ఆ పందెం బాగా నడిపినట్టు. ఆ నమ్మకం పోయిననాడు మళ్లీ తెడ్లతో కొట్టుకోవడమే మిగులుతుంది.