మామిడి కొత్త తింటే పాపమా? చరిత్రలో వెతికితే దొరికింది ఇదీ

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

మొన్న సెలవులకి ఊరెళ్తే నానమ్మ మామిడి కొత్తకి పిలిచింది. మా ఇంట్లో మేమందరం క్రైస్తవులం, నానమ్మ ఒక్కతే పాత పద్ధతి. కొత్త పండు ముందు నేలతల్లికి, పెద్దలకి పెట్టకుండా నోట్లో వేసుకోదు. "అది అన్యుల ఆచారం, వెళ్లకూడదు" అన్నారు సంఘంలో. నేను వెళ్లలేదు. హాస్టల్‌కి వచ్చాక కూడా ఆమె ముఖమే గుర్తొస్తోంది. అందుకే ఈ ప్రశ్న ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా అని లైబ్రరీలో వెతికాను.

మొదటి శతాబ్దంలోనే వచ్చింది. కొరింథు పట్టణంలో గుళ్లలో బలిచ్చిన మాంసం బజారుకి వచ్చేది. తినొచ్చా అని విశ్వాసులు అడిగారు. పౌలు చెప్పింది ఏంటంటే, బజారులో అమ్మేది ఆరా తీయకుండా తినండి, కానీ దాన్ని చూసి తోటివాడి మనస్సాక్షి దెబ్బతింటే మానేయండి. విగ్రహారాధనలో పాల్గొనడం మాత్రం వద్దన్నాడు.

తర్వాత 601లో పోప్ గ్రెగొరీ ఇంగ్లండులో పనిచేసేవాళ్లకి లేఖ రాశాడు. గుళ్లు కూల్చొద్దు, విగ్రహాలు మాత్రం తీసేయండి, ఎడ్లను కోసి విందు చేసుకునే అలవాటు ఉంచండి, కాకపోతే ఇక దేవుని పేరు మీద చేసుకోమనండి అని. అంతకు కొద్దిరోజుల ముందే అక్కడి రాజుకి రాసిన లేఖలో గుళ్లు పడగొట్టమన్నది కూడా ఈయనే!

దీనికి పూర్తిగా ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్ పండుగలనే రద్దు చేసింది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 దాకా క్రిస్మస్ చేసుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా. బైబిల్లో లేని పండుగ అని వాళ్ల వాదన.

మరి మన సంగతి? ఆదివారం అంటేనే ఆదిత్యుని వారం, సూర్యుడి పేరు. ఆ రోజే గుడికి వెళ్తాం. తెలుగు క్రైస్తవ పెళ్లిళ్లలో చాలాచోట్ల తాళి కడతారు, దానికి సిలువ ఉంటుంది. వీటిని పెద్దగా ఎవరూ తప్పు పట్టరు. కొండమీద ముసలామె పెట్టిన మామిడిపండు దగ్గరికొచ్చేసరికే "అన్యాచారం" గుర్తొస్తుంది. ఎందుకు? పుట్టుకే తప్పయితే అన్నీ తప్పే కావాలి కదా.

అలాగని గ్రెగొరీ పద్ధతి నాకు పూర్తిగా నచ్చలేదు. విందు ఉంచాడు, కానీ దాని వెనకున్న పాత నమ్మకం మెల్లగా చెరిగిపోవాలన్నదే ఆయన ఉద్దేశం. మన కొత్తల పండుగ కూడా అలా పేరు మారి పోవాలని నేను కోరుకోను.

నాకు అర్థమైంది ఇదీ. ఆచారం ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఇప్పుడు మనం ఏ మనసుతో చేస్తున్నామన్నదే అసలు సంగతి. నేలతల్లికి పెట్టడం నానమ్మ నమ్మకం. అది నేను చెయ్యలేను, చేసినట్టు నటించను. కానీ ఆమె పక్కన కూర్చుని, ఆమె కోసిచ్చిన ముక్క తిని, నా దేవునికి నేను కృతజ్ఞత చెప్పుకోగలను. తినలేనివాళ్లని నేను తప్పు పట్టను, తిన్నవాళ్లని వాళ్లూ పాపులనకూడదు.

వచ్చే ఏడాది మామిడి కొత్తకి నేను ఊళ్లోనే ఉంటా. మీ ఊళ్లలో ఎలా చేస్తున్నారో రాయండి. తప్పులుంటే అన్నలు, అక్కలు సరిదిద్దండి.