మొక్కల లెక్కలు: ఎగుమతి దిగుమతులు

కోనసీమ పెద్దలకు ఎగుమతి దిగుమతులను గూర్చి యొకరు చెప్పవలసిన పని లేదు. కొబ్బరికాయను రాశిపోసి, లెక్కించి, బండి కెక్కించి అంబాజీపేటకుఁ బంపుట, అక్కడనుండి యది దూరదేశములకుఁ బోవుట మనకు నిత్యానుభవము. ఎక్కించునప్పు డొక లెక్క, దించునప్పు డొక లెక్క. రెండును సరిపోయిననే బేరము. లారీలు రాకముందు కాలువలలో పడవలు నడచినవి. అంతకు ముందు గౌతమీముఖమున కోరంగి రేవునుండి యోడలు సాగినవి. నేఁడు నేను ప్రసంగింపఁ దలఁచినదియు నెగుమతి దిగుమతులను గూర్చియే. కాని యిందులో నెక్కునదియు దిగునదియు కాయ కాదు, లెక్క మాత్రమే. ఫలానా నేలలో నే యే మొక్కలు ఎంతెంత గలవో వ్రాసిన పట్టిక, ఒక చేతినుండి మఱియొక చేతికి, కాగితమునుండి కంప్యూటరునకు, ఒక సాఫ్టువేరునుండి మఱియొక సాఫ్టువేరునకు పోవు విధమే నేఁటి విషయము. ఇది పట్టణపు విద్యార్థుల గొడవ యని మీకుఁ దోఁచవచ్చును. కాని యీ కథలో నొక ముఖ్యఘట్టము మన గోదావరి యొడ్డుననే జరిగినది.

విలియం రాక్సుబర్గు స్కాట్లండుదేశీయుఁడు, వైద్యుఁడు. 1776లో ఈస్టిండియా కంపెనీవారి మదరాసు వైద్యశాఖలోఁ జేరి, 1781లో సామర్లకోటకు వచ్చెను. వైద్యముకంటె నతనికి మొక్కలమీఁదనే మక్కువ యెక్కువ. సామర్లకోటలో మిరియపుఁదీఁగను బెంచి చూచెను. ఈ సీమలోని చెట్టును, గుల్మమును, గడ్డిని గూడ విడువక వర్ణనలు వ్రాసెను. కొమ్మల నెండఁబెట్టి కాగితముల నడుమ దాఁచెను. మన యెదుర్లంకనుండి చూచిన గౌతమి కావలియొడ్డున యానాము గనఁబడును గదా. ఆ యానామునకు సమీపముననే యింజరము కలదు. నాఁడు కంపెనీవారి సన్నబట్టల వర్తకమునకు పేరుపడిన గ్రామ మది. 1787 మే నెలలో సముద్రము పొంగి యీ ప్రాంతమును ముంచెను. కోరంగి మొదలగు నూళ్లలో వేలకొలఁది జనులు నశించిరి. ఇంజరము వద్ద నా యుప్పెనలోనే రాక్సుబర్గు కూర్చిన యెండుమొక్కలు, వ్రాతలు, పుస్తకములు నీటిపాలయ్యెను. ఒకే ప్రతి, ఒకే చోటు. అందువలన నొక్క రాత్రిలో నన్నియుఁ బోయినవి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి నెఱిఁగిన మన కీ మాటకు వ్యాఖ్యానము వలదు.

అతఁడు మరల మొదటినుండి యారంభించెను. 1789లో కంపెనీవారు పాట్రిక్ రస్సెలు స్థానమున నతనిని తమ వృక్షశాస్త్రజ్ఞునిగా నియమించిరి. ఈసారి పద్ధతి మాఱినది. దేశీయ చిత్రకారులను గుదుర్చుకొని మొక్కలకు రంగుల బొమ్మలు వ్రాయించెను. బొమ్మ కొక సంఖ్య, ఆ సంఖ్యకుఁ దగిన వర్ణన. వర్ణనలును బొమ్మలును ఓడలమీఁద లండనునకుఁ బోయెను. అట్లు చేరిన యైదువందల బొమ్మలలో జోసెఫ్ బ్యాంక్సు మూఁడువందల నేఱెను. అవి కోరమాండలు తీరపు మొక్కలను పేర 1795 మొదలు 1820 వఱకు మూఁడు సంపుటములుగా నచ్చుపడెను. రాక్సుబర్గు 1793లోనే కలకత్తా తోటకు అధికారియై పోయెను, 1815లో మరణించెను. అతఁడు వ్రాయించిన బొమ్మలు రెండువేల యైదువందలకుఁ బైఁబడినవి. ఒక ప్రతి కలకత్తాలో నిలిచెను, మఱియొకటి లండనునకుఁ జేరెను. ఆ రెండవది నేఁడు క్యూ తోటలో నున్నది. భారతదేశపు మొక్కలను గూర్చి యతఁడు వ్రాసిన మహాగ్రంథమును విలియం కేరీ 1832లో శ్రీరామపురమున మూఁడు సంపుటములుగా నచ్చు వేయించెను. ఈ లెక్క పుట్టినచోటు విడిచి పోయినది కనుకనే బ్రదికినది. ఆ బొమ్మలను వ్రాసిన మనవారి పేళ్లను మాత్రము దానితో నెవ్వరును బంపలేదు.

రాక్సుబర్గు వ్రాతలలో నాకు మిక్కిలి నచ్చిన గుణ మొకటి కలదు. లాటినుపేరు వ్రాసి యూరకుండక, ఆ మొక్కను తెలుఁగువా రేమందురో విని దానినిఁ గూడఁ జేర్చెను. సోమిడ చెట్టును జూడుఁడు. మన లంకలలోఁ గానరాదు గాని మెట్ట యడవులలోఁ గలదు. దాని బెరడు జ్వరములకు మందు. రాక్సుబర్గు దానికి స్వీటీనియా ఫెబ్రిఫ్యూగా యని పేరిడి 1793లో ప్రకటించెను. 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు జుస్యూ అది వేఱొక కుటుంబమున కింటిపేరు కాఁదగినదని యెంచి, మన తెలుఁగుమాటనే కొంచెము మార్చి సోయ్‌మిడా యని నామకరణము చేసెను. పేరును మన సరకుగా నెగుమతియైన దన్నమాట.

అందఱ యదృష్టమును సోమిడ యదృష్టమువంటిది కాదు. మోదుగును జూడుఁడు. విస్తళ్లు కుట్టుకొను మనకు మోదుగన్న నొక్కటియే చెట్టు. లామార్కను ఫ్రెంచి పండితుఁడు దానిని ఎరిత్రైనా మోనోస్పెర్మా యనెను. రాక్సుబర్గు పుస్తకమున నది బ్యూటియా ఫ్రొండోసా. 1894 నుండి దాని పేరు బ్యూటియా మోనోస్పెర్మా. మూఁడు కాలముల పట్టికలను గుట్టగాఁ జేర్చి యంత్రమున కప్పగించితి రనుకొనుఁడు. యంత్రము మూఁడు చెట్లని లెక్క చెప్పును. దానికి విస్తరి తెలియదు. అట్లని తెలుఁగుపేళ్లతోనే సర్వమును నడచునని నేనను. పొన్న యొక చెట్టు, ఉప్పునీటి బురదలో వేళ్లూని నిలుచు ఉప్పుపొన్న వేఱొక చెట్టు. రెండు పేళ్లును జంటగా నుండినఁగాని నిజము తేలదు.

ఇఁక నేఁటి పద్ధతిని జెప్పెదను. మీరందఱు నడంగ లెఱుఁగుదురు. సర్వే నంబరు, విస్తీర్ణము, అనుభవదారుఁడు, పైరు. కరణీకములు 1984లో రద్దయినవి గాని యడంగలు పోలేదు. కాగితమునుండి కంప్యూటరు కెక్కినది. వృక్షశాస్త్రజ్ఞులకును అట్టి యడంగలే కలదు. అడవిలో నొక చదరము గొలిచి, అందులోని మొక్కల నన్నిటిని వ్రాసి, ఒక్కొక్కటి యెంత నేలను గప్పినదో దాని కెదుట గుఱుతు వేయుదురు. ఈ గుఱుతులకు స్విట్జర్లండు పండితుఁడు బ్రౌన్ బ్లాంకే యేర్పఱచిన వరుస ప్రసిద్ధము. అతని గ్రంథము 1928లో జర్మను భాషలో వెలువడినది. అందు 1 అనఁగా నిరువదవ వంతునకు లోపు. 5 అనఁగా ముప్పాతికకు మించి. నడుమ 2, 3, 4. మిక్కిలి యరుదైనవానికి ఆర్ అను నక్షరము, కొలఁదిగా నున్నవానికిఁ గూడిక గుఱుతు.

చదరములు పదియో యిరువదియో యైనఁ జేతితో వరుస మార్చుకొనవచ్చును. వేలకొలఁది యైనప్పుడు యంత్రము కావలెను. 1979లో హిల్ అను నతఁడు అమెరికాలోని కార్నెలు విశ్వవిద్యాలయమునుండి ట్విన్‌స్పాన్ అను ప్రోగ్రామును వెలువరించెను. ఒకే తీరు మొక్కలు గల చదరములను దగ్గఱకుఁ జేర్చుట దాని పని. తరువాత హాలండులో హెన్నెకెన్సు చేసిన టర్బోవెజ్ పట్టికలను భద్రపఱచుటకును, చెక్ దేశమున బ్ర్నో నగరమందలి టిఖీ చేసిన జ్యూస్ వానిని వర్గీకరించుటకును ప్రసిద్ధి కెక్కినవి. జ్యూస్‌ను గూర్చిన వ్యాసము 2002లో వెలువడెను. పేరు వినఁగానే చెఱకుగానుగ జ్ఞప్తికి వచ్చుట నా పల్లెటూరి బుద్ధి. ఒకటి గాదె, ఒకటి గానుగ. గాదెనుండి గానుగకుఁ బట్టిక పోవలెనన్న దాని నెగుమతి చేయవలెను. గానుగ దానిని దిగుమతి చేసికొనవలెను. చిక్కంతయు నీ గడపవద్దనే.

మొదటి చిక్కు పేరు. కార్నెలువారి నాఁటి పద్ధతిలో మొక్కపేరునకు ఎనిమిది రోమను అక్షరములకే చోటు. మొక్క యింటిపేరునుండి నాలుగు, సొంతపేరునుండి నాలుగు తీసికొనుట వాడుక. మన యంతర్వేది యిసుకతిన్నెలమీఁద ఊదాపూల తీఁగ యొకటి యల్లుకొని యుండును. ఆకు మేకడెక్కవలె చీలియుండుటచే లాటినులో దానికి మేకపాదమని యర్థము వచ్చు పేరు, ఇపోమియా పెస్-కాప్రే. ఆ యింటిపేరే గల వేఱొక తీఁగ యాకు పులియడుగువలె నుండును. దానిపేరు ఇపోమియా పెస్-టైగ్రిడిస్. రెండింటి సొంతపేళ్లలోను మొదటి మూఁడక్షరములు పాదమను మాటయే, నాలుగవది నడిమి గీఁటు. ఆ గీఁటునుగూడ నక్షరముగా లెక్కించి కత్తిరించితిరా, మేకయుఁ బులియు నొకటే యగును. పులిజూదమాడిన వా రెవ్వరైన నట్టి గడిని సహింతురా? యంత్రము సహించును. రెండు వరుసలను గలిపివేసి ముందునకు సాగును.

రెండవ చిక్కు కొలత. భైరవపాలెమువైపు మడయడవిలోఁ గొలిచిన పట్టిక నొక యువకుఁడు నాకుఁ జూపెను. అందొక చదరమున తిల్ల కెదుట 5 అని యున్నది. తిల్లపాలు కంటఁ బడిన నెంత బాధయో బెస్తవారి నడుగవలెను. అతఁ డా చదరములోఁ గన్నులు మూసికొనియే చొచ్చినంత పని యైనదఁట, చెట్లంత దట్టము. ఆ పట్టికను దిగుమతి చేయునప్పుడు, ఇవి బ్రౌన్ బ్లాంకే గుఱుతు లని చెప్పుటకు మాఱు, నూటికిన్ని యను లెక్క యని చెప్పఁబడినది. ముప్పాతిక గప్పిన తిల్ల నూటికి అయిదైనది. దట్టమైన యడవి పలుచని పొదగా మాఱి, పాడుపడిన నేలల వర్గములోఁ జేరినది. ఎకరమని వ్రాసినచోట సెంటని చదివినట్లు. అతఁడు స్వయముగా బురదలో నిలిచి చూచినవాఁడు గనుక వెంటనే పట్టుకొని సరిదిద్దెను. చూడనివాఁ డెవ్వఁడైన నీ ఫలితమును నమ్మి, చెట్లున్నచోటనే మడమొక్కలు నాటింపుఁడని తీర్మానము వ్రాయవచ్చును. నిజముగా బోడియైన తీర మట్లే మిగులును. అలలకు నుప్పెనకు మొదట నెదురునిలుచునది మడయడవి. దాని వెనుకనే మన యూళ్లు.

దశాంశపుఁజుక్కను గూర్చి యొక్కమాట. ఐరోపాలోఁ జాలదేశములవారు చుక్కకు మాఱు కామా వేయుదురు. వారి రెండున్నర మన యంత్రమున నిరువదియైదు కావచ్చును.

వీనికన్న సూక్ష్మమైనది ఖాళీగడి. అడంగలులో పైరు గడి ఖాళీగా నున్న, ఆ యేఁడు నేల బీడుపడిన దనవలెనా, వ్రాయువాఁడు పొలమునకుఁ బోలే దనవలెనా? దిగుమతి చేసికొను ప్రోగ్రాము సామాన్యముగా ఖాళీని లేదని తీసికొనును. ఒకఁడు చెట్లను మాత్రమే వ్రాసి గడ్డిని విడిచియుండవచ్చును. ఎగుమతి చేయునప్పుడు, నేను గడ్డిని జూడలేదను మాట వేఱొక గడిలో వ్రాసి పంపనిచో, ఆ తీరమున గడ్డియే లేదని శాశ్వతముగా నిలిచిపోవును. కావున మంచి పట్టికకుఁ దలకట్టు కావలెను: చోటు, తేది, చదరపు పరిమాణము, చూచినవాఁ డెవ్వఁడు, ఏ గుఱుతులు వాడెను, పేళ్ల కే గ్రంథము నాధారముగాఁ గొనెను. ఐరోపాలో నట్టి చదరములు పదిలక్షలకుఁ బైఁగా నొక్కచోటఁ జేర్పఁబడినవి. ఎన్నడును దర్శింపని వారు కొలిచిన లెక్కలను గలిపి చదువఁగల్గుట యా తలకట్టు చలువయే.

మన యక్షరముల సంగతియుఁ జెప్పవలెను. ఎనిమిది రోమను అక్షరముల యిరుకులో తెలుఁగునకుఁ జోటెక్కడిది? తరువాత తెలుఁగు ఫాంటులు వచ్చినవి గాని, ఒక యంత్రమున తిల్ల యని కొట్టినది వేఱొక యంత్రమునఁ దెఱచిన నర్థములేని గీఁతలయ్యెడిది. 1991లో వెలువడిన యూనికోడు తెలుఁగక్షరముల కొక్కొక్క సంఖ్య నిర్ణయించెను. రాక్సుబర్గు బొమ్మకు సంఖ్య యెట్లో యక్షరమునకు నీ సంఖ్య యట్లు. ఆ పద్ధతి నెఱిఁగిన యంత్రము లన్నియు దానిని జూచి యొకే యక్షరమును వ్రాయును.

నేను చెప్పిన యువకుని పట్టికలో నిప్పుడు లాటినుపేళ్ల ప్రక్కన మఱియొక నిలువు వరుస కలదు. మడ, తిల్ల, ఉప్పుపొన్న, దబ్బగడ్డి యని యందు తెలుఁగులోనే వ్రాసియున్నాఁడు. ఎగుమతి చేసిన ప్రతిసారియు నా వరుసయుఁ దలకట్టును పట్టికతోడనే పోవును. ఒక ప్రతి సముద్రమునకు దూరమున వేఱొక యూర నుండును. రెండు మొక్కలకు మాత్రము తెలుఁగుపేరు దొరకక గడులు ఖాళీగా నున్నవి. వానికొఱ కతఁడు పడవవాండ్ర నడుగుచున్నాఁడు.