ఊహాక్రీడకు నేపథ్య సంగీతము

బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుండి, మాటలతోనే కోటలు గట్టి, రాక్షసులతో పోరుసల్పు నొక క్రీడ నేడు బెంగుళూరు, చెన్నపురి వంటి పట్టణములలో కొందరు యువకులకు ప్రియమైనది. ఆడునపుడు మెల్లగా సంగీతము వినిపించుట వారి వాడుక. ఆ సంగీతము నెన్నుకొను విద్యకు చరిత్ర గలదు. ఆ చరిత్ర పరదేశములది యైనను, విద్య మాత్రము రాష్ట్రేతరాంధ్రులమైన మనకు క్రొత్త గాదని మేము తలంచుచున్నాము.

ఈ క్రీడ అమెరికాలో బుట్టినది. 1974లో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని ‘డంజెన్స్ అండ్ డ్రాగన్స్’ అను పేర వెలువరించిరి. విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి వెలువడిన తొలి ముద్రణము 1,000 ప్రతులు. ఇందు పావులకన్న పలుకులకు ప్రాధాన్యము. ఒకడు సూత్రధారుడై కథ నడపును. తక్కినవారు తలకొక పాత్ర వహించి తాము చేయదలచినది చెప్పుదురు. జయాపజయములను పాచికలు తేల్చును. ఆ పాచికలలో నాలుగు ముఖములు గలవి మొదలు ఇరువది ముఖములు గలవాని వరకు నుండును. రంగస్థలము లేదు, తెర లేదు, వేషము లేదు. కనులకు జూపుటకు కొంచెమే యుండుటచే చెవి సాయమునకు రావలసివచ్చినది.

ఇట్టి యవసరము అంతకుముందే మూగచిత్రములవారికి గలిగెను. బొమ్మ కదలును గాని పలుకదు. కావున 1909లోనే ఎడిసన్ కంపెనీవారు తమ చిత్రములకు తగిన సంగీతము నిది యని సూచించుచు ప్రకటించిరి. 1919 మొదలు బెర్లినులో జ్యుసెప్పె బెచ్చె సన్నివేశములకు తగిన స్వరరచనలను సంపుటములుగా వెలువరించెను. 1924లో ఎర్నో రాపె యనువాడు 52 భావములుగను సన్నివేశములుగను విభజించి యొక గ్రంథమే కూర్చెను. వాద్యకుడు ఏ ఘట్టమునకు ఏ పుట తెరువవలెనో అంచునందే పట్టిక యుండెడిది. నేటి క్రీడాసూత్రధారుడు యుద్ధమునకు, అరణ్యమునకు, విపణివీథికి వేర్వేరు పట్టికలు సిద్ధపరచుకొనుట యా పద్ధతికి కొనసాగింపువలె నున్నది.

ఈ ఆటగాండ్రకు చలనచిత్రములే పెద్ద నిధి. 1982 నాటి ‘కోనన్ ది బార్బేరియన్’కు బేసిల్ పోలెడూరిస్ కూర్చిన సంగీతమును, 2001–2003 మధ్య వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చిత్రములకు హోవర్డ్ షోర్ కూర్చినదియు నట్టివి. 2003లో ‘మిడ్‌నైట్ సిండికేట్’ అను బృందము ఈ క్రీడ పేరిటనే యొక సంగీత సంపుటము వెలువరించెను. హోల్స్ట్ రచించిన ‘ది ప్లానెట్స్’ అను కృతిలో యుద్ధకారకుడైన అంగారకుని భాగము అయిదేసి మాత్రల లయతో నడచును. మన ఖండచాపు నెరిగిన చెవికి ఆ లెక్క వెంటనే యందును.

ఎన్నికకు సూత్రములు కొన్ని గలవు. మొదటిది, సాహిత్యము లేని సంగీతము మేలు. పాటలోని మాట ఆటలోని మాటతో పోటీపడును. రెండవది, అందరు నెరిగిన బాణి వలదు. అది తన కథను తనవెంట దెచ్చును. మూడవది, ధ్వని మాటకన్న తక్కువస్థాయిలో నుండవలెను. నాలుగవది, మాటిమాటికి మార్చరాదు. ఘట్టము మారునపుడే మార్చవలెను. ఒక్కొక్కప్పుడు సంగీతము నాపివేయుటయే భయమును గొల్పును.

ఇక మన సంగతి. తంజావూరు సీమలోని మెలట్టూరును అచ్యుతప్ప నాయకుడు తెలుగు కుటుంబములకు దానమిచ్చెనని సంప్రదాయము చెప్పును. అచ్చటి వేంకటరామశాస్త్రి రచించిన భాగవతమేళ నాటకములు నృసింహ జయంతి దినములలో నేటికిని ఆడబడుచున్నవి. చుట్టును తమిళము, నాటకము తెలుగు. ప్రతిపాత్రకు ప్రవేశదరువు గలదు. పాత్ర సంభాషింపకముందే వచ్చువారెవరో ఆ గానము తెలుపును. వీరమునకు అఠాణ, శోకమునకు ముఖారి, లాలికి నీలాంబరి, మంగళమునకు మధ్యమావతి యని మనవారు ఏనాడో ఏర్పరచుకొనిరి. రాపె పట్టిక మనకు రాగముల రూపమున నుండెను.

అయితే యొక భేదము. మెలట్టూరులో తెలుగు పాటలోనే యున్నది; పాట నిలిచినంతకాలము మాటయు నిలిచినది. ఈ క్రీడాసంగీతమో మాట లేనిది. అది మాటకు చోటు విడిచి తాను ప్రక్కకు తొలగును. ఆ చోటును ఏ భాష నింపును? ఇంగ్లీషో, పరిసర భాషయో నింపుచున్నది. మన పిల్లల తెలుగు అన్నము, నీళ్లు, పడక యను నాలుగు మాటలకు కుంచించుకుపోవుచున్న కాలమిది. ఈ ఆటకో బురుజు కావలెను, కందకము కావలెను, కాగడా, సొరంగము, శాపము, శపథము కావలెను. వంటింట వినబడని ఈ మాటలకు ఇచ్చట నిజమైన పని గలదు.

తెలుగున నాడరాదని ఆ క్రీడానియమములలో నెచ్చటను లేదు. వీణపై అఠాణ ఆలాపనకు సాహిత్యము లేదు. కనుక మొదటి సూత్రమునకును భంగము లేదు. పెద్దలు ఆటను నిషేధించుటకన్న, బల్లకడ గూర్చుండి అడిగిన మాట నందించుట మేలు.