నకలు జారిన చోట

హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ) పేరు చెబితే ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేవి డీఎన్ఏ వేలిముద్రలే. ఆ ఖ్యాతి వేళ్లు, కణం తన డీఎన్ఏకు నకలు తీసుకునేటప్పుడు చేసే ఒక పొరపాటులో ఉన్నాయి. ఆ సంస్థ స్వర్ణోత్సవ సంచికలో దాన్ని తలుచుకోకపోతే ఎలా!

విభజనకు ముందు మన కణం 600 కోట్లకు పైగా డీఎన్ఏ అక్షరాలను సుమారు ఎనిమిది గంటల్లో ఎత్తి రాస్తుంది. జంట పోగులు విడిపోతాయి. ప్రతి పాత పోగు వెంట డీఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము కొత్త పోగును కడుతుంది: ఏకి ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ. తప్పు పడితే అక్కడికక్కడే తీసేస్తుంది. అది వదిలేసినవాటిని మరమ్మతు ఎంజైములు పట్టుకుంటాయి. చివరికి వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగిలితే ఎక్కువ.

అంత జాగ్రత్త కూడా 'గాటా గాటా గాటా' (జీ-ఏ-టీ-ఏ) అంటూ నాలుగక్షరాలే తిరిగి తిరిగి వచ్చే చోట సడలుతుంది. ఒకే మాట వరసగా ఉన్న తాళపత్రాన్ని ఎత్తి రాసే లేఖకుడు ఎన్నోదాని దగ్గరున్నాడో మరిచిపోయినట్టు, కొత్త పోగు ఒక మెట్టు జారి అతుక్కుంటుంది. ఒక గాటా పెరుగుతుంది, లేదా తగ్గుతుంది. తరతరాలుగా పోగుపడిన ఈ హెచ్చుతగ్గుల వల్లే ఈ వరసల పొడవు మనిషికీ మనిషికీ మారుతుంది.

తార్నాకలోని ఆర్‌ఆర్‌ఎల్ (రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ) జీవరసాయన విభాగం నుంచి పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో 1977 ఏప్రిల్ 1న సీసీఎంబీ మొదలైంది. పదేళ్లకు, 1987లో, ఎడిన్‌బరో నుంచి లాల్జీసింగ్ వచ్చి చేరారు. ఆయన పని పాముల లింగ క్రోమోజోముల మీద. పసుపు, నలుపు పట్టీల కట్లపాములో దొరికిన బీకేఎం అనే డీఎన్ఏ భాగంలో ఈ గాటాలే బారులు తీరి ఉన్నాయి. దాన్ని మనుషుల డీఎన్ఏకు తగిలిస్తే ఒక్కొక్కరికీ ఒక్కో తీరు పట్టీలు కనిపించాయి. కేరళలోని తలశ్శేరి కోర్టులో పితృత్వ వివాదాన్ని తేల్చడానికి అక్కరకొచ్చింది ఆ పరిజ్ఞానమే. పాము ఆడదెలా అవుతుందన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్తుందని ఏ ప్రాజెక్టు నివేదికలో మాత్రం రాయగలం? పరిశోధనకు డబ్బిచ్చేవాళ్లు ముందే ప్రయోజనం అడిగినప్పుడల్లా నాకు ఈ కట్లపామే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఫోరెన్సిక్ ల్యాబులకు ఆ పాము డీఎన్ఏ భాగంతో పనిలేదు. పీసీఆర్ యంత్రంలో పెట్టిన గొట్టంలో, కణం బయటే, పాలిమరేజ్ చేత నకళ్లు తీయించి పునరావృత్తాలను లెక్కపెడతారు. వాటిలో ఎక్కువ భాగం నేటికీ నాలుగక్షరాలవే. గొట్టంలోనూ పాలిమరేజ్ అప్పుడప్పుడు ఒక మెట్టు జారుతుంది. అసలు పట్టీ పక్కన కనిపించే సన్నని నీడ పట్టీని లెక్కలోంచి తీసేయడం నిపుణుల రోజువారీ పని.