గని ఊళ్లో క్యాథలిక్ బడి: నోటీసు బోర్డును ఎలా చదవాలి?

విశాఖపట్నం నుంచి అరకు, జగదల్‌పూర్ మీదుగా వెళ్లే ప్యాసింజర్ రైలుకు ఆఖరి స్టేషన్ కిరండూల్. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు పంపేందుకు 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను ఇది. 1968లో ఇక్కడ ఎన్‌ఎండీసీ తవ్వకాలు మొదలుపెట్టింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. గనితో, రైలుతో పాటే తెలుగు కుటుంబాలూ ఈ ఊరికి చేరాయి. ఇంట్లో గోండి, హల్బీ, హిందీ, తెలుగు మాట్లాడే పిల్లలు ఇక్కడ ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

ఇలాంటి ఊళ్లో క్యాథలిక్ ప్రాథమిక పాఠశాల నుంచి ఇంటికొచ్చే నోటీసులో మూడు క్యాలెండర్లు కలిసిపోయి ఉంటాయి. ఒకటి ప్రభుత్వానిది, ఒకటి చర్చిది, మరొకటి ఊరిది. వాటిలో ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం, ఏది హక్కు అన్నది తెలిస్తేనే తల్లిదండ్రులు అవుననో కాదనో చెప్పగలరు.

ఎవరి పరిధిలో ఉంటాయి?

కిరండూల్ దంతేవాడ జిల్లాలో ఉంది. క్యాథలిక్ చర్చి పాలనలో బస్తర్ ప్రాంతం జగదల్‌పూర్ మేత్రాసనం కిందికి వస్తుంది. 1972లో ఎక్సార్కేట్‌గా ఏర్పడి, 1977లో పూర్తి స్థాయి మేత్రాసనమైన ఇది కేరళ మూలాలున్న సీరో మలబార్ రీతికి చెందినది. ఆంధ్ర, తెలంగాణల్లోని తెలుగు క్యాథలిక్కులు ఎక్కువగా లాటిన్ రీతివారు. ఈ తేడా పండుగ తేదీల్లోనూ కనిపిస్తుంది. లాటిన్ రీతిలో తపస్సు కాలం విభూది బుధవారంతో మొదలైతే, సీరో మలబార్ రీతిలో రెండు రోజుల ముందే, సోమవారం మొదలవుతుంది. 2026లో ఆ తేదీలు ఫిబ్రవరి 18, 16. విశాఖలోని బంధువులకు బుధవారమైన విభూది ఇక్కడ సోమవారం కావడానికి కారణం ఇదే.

ఏడాదిలో ఏముంటాయి?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పాఠశాలలు సాధారణంగా జూన్ మధ్యలో తెరుచుకుంటాయి. సీబీఎస్‌ఈ బడుల విద్యా సంవత్సరం ఏప్రిల్‌లోనే మొదలవుతుంది. జూలై 3 పునీత తోమా పండుగ, సీరో మలబార్ చర్చికి అతి ముఖ్యమైన రోజుల్లో ఒకటి. ఆగస్టు 15న జెండా వందనంతో పాటు మరియమాత మోక్షారోపణ పండుగ వస్తుంది. సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవం, మదర్ థెరీసా వర్ధంతి కూడా. నవంబరు 1 సకల పునీతుల పండుగ. 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడిందీ, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిందీ ఆ రోజే. తర్వాత బాలల దినోత్సవం, క్రిస్మస్, గణతంత్ర దినోత్సవం వరుసగా వస్తాయి.

ఊరి క్యాలెండరుదీ చిన్న పాత్ర కాదు. హరేలీ అమావాస్యతో మొదలై 75 రోజులు సాగే బస్తర్ దసరా, హోలీ సమయంలో దంతేవాడలో జరిగే ఫాగున్ మడై చుట్టుపక్కల పల్లెల పిల్లల హాజరు మీద ప్రభావం చూపుతాయి. వానాకాలంలో సెలవు నోటీసుకూ ప్రాధాన్యం ఉంది. 2024 జూలైలో గనుల ప్రాంతం నుంచి నీరు, బురద కొట్టుకొచ్చి కిరండూల్‌లో ఇళ్లు మునిగాయి.

ప్రార్థన తప్పనిసరా?

కాదు. ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థలో మత బోధనలోగానీ ప్రార్థనలోగానీ పాల్గొనాలని ఎవరినీ బలవంతపెట్టరాదని రాజ్యాంగంలోని 28(3) అధికరణ చెబుతోంది. పిల్లల విషయంలో సంరక్షకుల సమ్మతి ఉండాలి. మైనారిటీలు తమ విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకొనే హక్కు 30(1) అధికరణ ఇచ్చింది. ఈ రెండూ పక్కపక్కనే అమలు కావాలి.

బస్తర్‌లో ఇది పుస్తకాల్లోని చర్చ మాత్రమే కాదు. 2023 జనవరి 2న నారాయణపూర్‌లో క్యాథలిక్ బడి ఆవరణలోని చర్చిపై గుంపు దాడి చేసింది. అడ్డుకోబోయిన జిల్లా ఎస్పీ తలకు గాయమైంది. 2024లో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య తన బడులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ ఆచారాలు రుద్దొద్దని, ఉదయం అసెంబ్లీలో రాజ్యాంగ పీఠికను చదివించాలని, అన్ని మతాలవారికీ పనికొచ్చే ప్రార్థన గది ఉండాలని వాటిలో ఉంది.

25 శాతం ఉచిత సీట్లు ఉంటాయా?

చాలామంది పొరపడేది ఇక్కడే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. అయితే ఎయిడెడ్, అన్‌ఎయిడెడ్ తేడా లేకుండా మైనారిటీ బడులకు ఈ చట్టం వర్తించదని 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహం వ్యక్తం చేస్తూ 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం అంశాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. కాబట్టి క్యాథలిక్ బడిలో ఫీజు రాయితీ ఉంటే అది సాధారణంగా యాజమాన్యం ఇచ్చేదే. ఎవరికి, ఎంత, ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలన్నది ప్రవేశాల సమయంలోనే అడిగి, రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

నోటీసు ఏ భాషలో ఉండాలి?

ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 350ఎ అధికరణ చెబుతోంది. వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే చదువు సాగాలని 2020 జాతీయ విద్యా విధానం అంటోంది. బడి హిందీలోనో ఇంగ్లిషులోనో నడిచినా, నోటీసు సంగతి వేరు. దాన్ని చదవాల్సింది పిల్లలు కాదు, పెద్దలు.

ఫీజు గడువు, ప్రార్థన కూటం, విహారయాత్రకు సమ్మతి పత్రం ఇవన్నీ ఒకే కాగితం మీద వస్తాయి. చదవలేని తండ్రి సంతకం పెడితే దాన్ని సమ్మతి అనలేం. గోండి, తెలుగు ఒకే ద్రావిడ శాఖకు చెందిన భాషలే అయినా, కిరండూల్‌లో ఆ రెండు భాషల ఇళ్లకూ బడి కాగితం మూడో భాషలోనే చేరుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో నోటీసును ఆయా భాషల్లో చదివి వినిపించమని అడగడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ముఖ్యంగా సమ్మతి పత్రం మీద సంతకం చేసే ముందు అలా అడగాలి.