గడ్డికి పుల్లరి, గాలికి వెల

పల్నాటి పెద్దలకు పుల్లరి యనగా నేమో నేను చెప్పనక్కరలేదు. తరతరములుగా ఊరి పశువులు మేసిన కొండలు రిజర్వు అడవులైన పిదప గడ్డికి వెల యేర్పడినది. 1921లో మాచర్ల ప్రాంతపు రైతులు ఆ రుసుము కట్టక పశువులను అడవికి తోలిరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు నేలకొరిగెను. ఆ కథ మన పిల్లలకును తెలియును. గడ్డికి వెల కట్టినవారు ఆ గడ్డిపై బ్రతుకువారిని అడుగలేదన్న సంగతి మాత్రము ఈ ప్రసంగమునకు ముఖ్యము. ఏలయనగా ఇప్పుడు వెల గాలికి వచ్చినది.

గాలికి వెల యేమని నవ్వవలదు. పిడుగురాళ్ల సున్నపుబట్టీల చెంత నిలిచినవారికి ఈ లెక్క సులభముగా బోధపడును. నూరు టన్నుల స్వచ్ఛమైన సున్నపురాయిని కాల్చినచో మిగులు సున్నము 56 టన్నులే. తక్కిన 44 టన్నులు బొగ్గుపులుసు గాలియై ఆకాశమున గలియును. ఇది రాతినుండి వచ్చునది. పొయ్యిలోని బొగ్గుపొగ దీనికి అదనము. సిమెంటు చేయుటయు ఈ రీతినే. ఈ గాలి భూమి వేడిమిని బయటకు పోనీయక పట్టియుంచును. ఆ కీడు బట్టీ లెక్కపుస్తకమున ఎక్కదు, లోకమంతయు పంచుకొనును. కావున విడిచినవాడే వెల చెల్లింపవలెనని ఆర్థికశాస్త్రజ్ఞుల వాదము. ఫిన్లండు 1990లోనే ఇట్టి పన్ను వేసినది. ఆస్ట్రేలియా 2012లో వెల పెట్టి, దానిమీదనే ఎన్నికల పోరు నడువగా, 2014లో తీసివేసినది.

మన దేశమున మొదటి వెల బొగ్గుమీద పడినది. 2010లో ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ టన్నుకు 50 రూపాయల సెస్సు విధించిరి. దానికొక ప్రత్యేకమైన బిల్లు లేదు. ఆ యేటి ఫైనాన్సు బిల్లులో నొక భాగమై సభలు దాటినది. కాలుష్యము లేని శక్తిసాధనములకై ఆ సొమ్ము నిధిగా నుంతుమనిరి. సెస్సు 2014లో 100, 2015లో 200, 2016లో 400 రూపాయలకు పెరిగెను. 2010-11 మొదలు 2017-18 వరకు వసూలైనది 86 వేల కోట్లకు పైచిలుకు. నిధికి చేరినది 30 వేల కోట్లకు లోపు. అందు కార్యములకు వెచ్చించినది 16 వేల కోట్లైనను కాదు. 2017లో జీఎస్టీ రాగా ఆ సెస్సు రద్దయి, అదే 400 రూపాయలు రాష్ట్రముల ఆదాయనష్టమును పూడ్చుటకు మళ్లినది. 2025 సెప్టెంబరులో అదియు తొలగి, బొగ్గుపై జీఎస్టీ 5 నుండి 18 శాతమునకు పెరిగెను. పేరొకటి, వ్యయమొకటి యైనప్పుడు ఆ పన్ను మంచిదని రైతునకు నచ్చచెప్పుట యెట్లో నాకు తోచదు.

రెండవ మార్గము 2022లో వచ్చినది. విద్యుత్తు మంత్రి ఆర్.కె. సింగ్ తెచ్చిన ఇంధన పొదుపు సవరణ బిల్లు ఆగస్టు 8న లోక్‌సభలోను, డిసెంబరు 12న రాజ్యసభలోను నెగ్గెను. ఇది పన్ను కాదు, క్రయవిక్రయము. టన్ను సరకునకు ఇంతకు మించి బొగ్గుపులుసు గాలి విడువరాదని కర్మాగారమునకు హద్దు పెట్టుదురు. హద్దుకంటె తగ్గించినవాడు పత్రములు పొందును. మించినవాడు వానిని కొనవలెను. ఒక పత్రము ఒక టన్నుకు సమానము. ఈ అధికారము పర్యావరణ శాఖకు గాక విద్యుత్తు శాఖకేల యన్నది బిల్లుపై వచ్చిన ఆక్షేపణలలో నొకటి. అది చిన్న ప్రశ్న కాదు. కాని నా దృష్టిలో అంతకంటె పెద్దది వేరొకటి గలదు: హద్దు లెంత, పత్రముల సంత యెట్లు నడుచును అన్నవి చట్టములో లేవు. అవి ప్రభుత్వము పిమ్మట వ్రాయు పథకమునకు విడువబడినవి. పథకము 2023 జూనులో వెలువడెను. 2025 అక్టోబరు నియమములలో సిమెంటు కర్మాగారములకు హద్దులు వచ్చినవి.

మన సీమలోని పెద్ద కర్మాగారములు లెక్కలు వ్రాయించుకొనగలవు, పత్రములు కొనగలవు. ఆ ఖర్చు బస్తా ధరలో చేరినచో ఇల్లు కట్టుకొనువాడు చెల్లించును. చిన్న సున్నపుబట్టీ ఇంకను ఈ హద్దుల క్రిందకు రాలేదు. వచ్చునా, వచ్చినచో అచ్చట రాయి మోయు కూలి గతి యేమి, వసూలైన సొమ్ము ఎవరి చేతికి పోవును? లోక్‌సభలో నరసరావుపేట పేర మనకొక స్థానము గలదు. అచ్చట కూర్చుండువారు ఓట్లకు వచ్చినప్పుడు అడుగదగిన ప్రశ్నలివి.